మూత పోయిన జాడీ

నేను ఒక ఆవకాయ జాడీని. నీటి చుక్క తగలకూడని జాతి మాది. అలాంటి నన్ను పది నెలలుగా నిలువునా నీళ్లలో ముంచిన మహానుభావుడి సంగతి ముందు చెప్పుకుంటే గాని నా కడుపుమంట చల్లారదు. ఆయన పేరు భీమశంకరం. కాకినాడలో జూనియర్ కాలేజీ ఫిజిక్సు లెక్చరరు. పుట్టి యాభై నాలుగేళ్లయినా ఒక్క తప్పు కూడా చెయ్యలేదు, ఆయన లెక్క ప్రకారం. బోర్డు మీద లెక్క తప్పితే "మీరు గమనిస్తున్నారో లేదో చూద్దామని" అంటారట. ఇంట్లో పాలు పొంగిపోతే తప్పు పాలది. బస్సు తప్పిపోతే బస్సుది.

నేను మాత్రం నిప్పులో పుట్టినదాన్ని. భుజాల దాకా బెల్లం రంగు, అక్కణ్నుంచి కిందికి మీగడ రంగు. భీమశంకరంగారి తల్లి కామేశ్వరమ్మగారు బజారులో వరసగా పెట్టిన జాడీలన్నిటినీ వేలి కణుపుతో కొట్టి చూసి, ఖంగుమన్నానని నన్ను తెచ్చుకున్నారు. ఆవిడ దగ్గర నాకు జరిగిన మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. ఆవకాయ పెట్టడానికి మూడు రోజుల ముందు నుంచే ఎండలో ఆసనం. ఒళ్లంతా పొడిగుడ్డతో తుడుపు. తలస్నానం చేసిన జుట్టు ఆరేదాకా ఆవిడే నా దరిదాపులకు వచ్చేవారు కాదు.

"జాడీకి తడి తగిలిందా, ఏడాది తిండి బూజు పట్టిందే అమ్మాయ్," అని కోడలు హైమవతికి చెప్పి చెప్పి, ఒకనాడు నన్ను ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయారు. హైమవతి బీఎస్సీ బాటనీ చదివింది. అత్తగారి మాటను శాస్త్రం అని ఒప్పుకున్న మొదటి కోడలు ఆవిడే అయి ఉంటుంది.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం హైమవతి కూరగాయలకు వెళ్లింది. భీమశంకరంగారికి బీపీ, ఆవకాయ నిషేధం. ఆయన వంటింట్లోకి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నా మూత ఎత్తి, ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. రెండో ముక్క తీస్తుండగా నూనె చేతిలోంచి మూత జారింది. నాలుగు చెక్కలు. హైమవతి వచ్చేసరికి ఆయన హాల్లో పేపరు చదువుతున్నారు.

"పిల్లి పడేసింది," అన్నారు, పేపరు దించకుండానే.

"మూడో అంతస్తుకి పిల్లా? తలుపులన్నీ వేసే ఉన్నాయి కదండీ?"

"పిల్లికి తలుపులేమిటి?"

హైమవతి ఆయన మూతి చివర ఎర్రటి నూనె మరక కేసి ఒక్క క్షణం చూసింది. పిల్లి మీద కోపం తెచ్చుకుంది. అంతే. చూసిన సాక్షిని నేను. నోరు ఇంత పెద్దది ఉండి కూడా మాట్లాడలేకపోవడం ఎంత నరకమో మీకు తెలియదు. కొన్నాళ్లు మూతికి వాసెన గుడ్డ కట్టారు. తరవాత గాజుసీసాలు వచ్చాయి, నేను అటకెక్కాను. మూత పోయినందుకు కాదు నా బాధ. చెయ్యని పిల్లికి శిక్ష, చేసిన పెద్దమనిషికి పెరుగన్నం!

ఇక చేపల ముచ్చట. భీమశంకరంగారు ఎక్కడో చూసి మోజుపడి హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించారు. ఆఫ్రికాలో మలావీ అనే సరస్సు ఉందట. అక్కడి సిక్లిడ్ జాతి చేపలు ఒక డజను తెచ్చారు. నీలివి, నారింజవి, చారలవి. "వాటికి గుహలుండాలి" అని ఇల్లంతా వెతికి, నన్ను దించి, మరిగే నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో నలభై ఏళ్ల నూనె వాసన వదిలేదాకా రుద్ది, తొట్టిలో అడ్డంగా పడుకోబెట్టారు. బుడగ్ బుడగ్‌మంటూ నాలోకి నీళ్లు దిగుతుంటే, కామేశ్వరమ్మగారు గోడ మీది ఫొటోలో కళ్లు మూసుకున్నట్టే అనిపించింది.

ఆ చేపలైనా మర్యాదస్తులా? ఈ రాయి నాదంటే నాదని, అపార్టుమెంట్లో పార్కింగు కోసం కొట్టుకున్నట్టు కొట్టుకునేవి. అందరి వాటాల్లోనూ తల దూర్చే నీలిచారల చేపకి హైమవతి "సెక్రటరీగారు" అని పేరు పెట్టింది. ఒక్కటి మాత్రం పసుపుకొమ్ము రంగులో, ఎవరి జోలికీ పోయేది కాదు. అది పసుపమ్మ. చిక్కుడుకాయలు ఒలుస్తూ తొట్టి ముందు కూర్చునే హైమవతిని చూస్తే ఎదురొచ్చి గాజుకి మూతి ఆనించేది.

మొన్న ఒకనాడు పసుపమ్మ తిండి మానేసింది. గొంతు కింద ఉబ్బింది. నా కడుపులో చేరి బయటికి రావడం లేదు.

"గొంతువాపు. అంటువ్యాధి," అని తేల్చేశారు భీమశంకరంగారు.

"నోట్లో ఏదో పెట్టుకున్నట్టుందండీ. మింగట్లేదు, ఉమ్మట్లేదు. నాకెందుకో కడుపుతో ఉందనిపిస్తోంది."

"కడుపనేది కడుపులో ఉంటుంది హైమా, గొంతులో కాదు. నీది బాటనీ. మొక్కల గురించి చెప్పు, వింటాను."

సాయంత్రానికి నీలం రంగు మందు సీసా తెచ్చారు. రోజూ పది చుక్కలు. ఆ రాత్రే హైమవతి మందంతా వేరే సీసాలోకి వంపేసి, బాల్కనీ తీగకు పూసిన శంఖుపూలు మరిగించిన నీళ్లు చల్లార్చి మందు సీసాలో నింపింది. అదే నీలం! ఆయన రోజూ ఎంతో నిష్ఠగా పూలరసం పోస్తూ "చూశావా, మిగతావాటికి అంటలేదు. మందు పనిచేస్తోంది," అనేవారు. "మీరు తెచ్చింది కదండీ," అనేది ఆవిడ.

మూడు వారాలు గడిచాయి. పసుపమ్మ చిక్కి సగమైంది, గొంతు మాత్రం ఇంకా ఉబ్బింది. ఆదివారం పొద్దున్నే ఆయన వలా బకెట్టూ పట్టుకుని వచ్చారు.

"ఇది ఎలాగూ దక్కదు. తీసి కాలవలో వదిలేస్తాను. మిగతా పదకొండైనా బతుకుతాయి."

"ఒక్క వారం ఆగండి."

"రోగం ఆగుతుందా?"

వల చూడగానే పసుపమ్మ నా కడుపులో అడుగుకంటా వెళ్లి నక్కింది. నా మూతిలో వల దూరలేదు. ఆయనకు పట్టుదల వచ్చింది. నన్ను నీళ్లతో సహా రెండు చేతులా ఎత్తి, బల్ల మీద నిలబెట్టారు. పది నెలల తరవాత గాలి తగిలింది. ఇదే అదను, నీళ్లన్నీ ఒలకబోసి నా పరువు నేను దక్కించుకోవచ్చు. కానీ లోపల ఆ పిచ్చిది నా గోడకి ఒళ్లంతా ఆనించి వణుకుతోంది. ఆయన నన్ను బకెట్టులోకి వంచబోయారు.

హైమవతి అరచెయ్యి తెచ్చి నా మూతి మీద బోర్లించింది.

ఆరేళ్ల తరవాత నాకు మూత దొరికింది.

"చెయ్యి తియ్యి హైమా."

"తియ్యను."

"ఏంటా మొండితనం!"

"మొండితనమే. ముందు లోపలికి చూడండి, తరవాత వంచండి. ఆ ఫోను లైటు వెయ్యండి."

ఆయన విసుక్కుంటూ లైటు వేశారు. ఆవిడ చెయ్యి పక్కకి జరిపింది. ఇద్దరి తలలూ నా మీదకి వంగాయి. అప్పుడే పసుపమ్మ భయంతోనో, ఇంక దాచలేకనో నోరు తెరిచింది. ఒక చిన్న చేప బయటికి వచ్చింది. జీలకర్ర గింజంత. దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఒక గుంపు, కళ్లతో, తోకలతో సహా. ఆయన కళ్లజోడు సర్దుకున్న నీడ పడగానే అన్నీ తల్లి నోట్లోకి బిలబిలమని దూరిపోయాయి. తల్లి నోరు మూసుకుంది.

నలభై ఏళ్లు ఏటేటా నా నిండా ఆవకాయ మోశాను. ప్రాణమున్నదాన్ని మోయడం ఇదే మొదలు. కామేశ్వరమ్మగారు నన్ను క్షమిస్తారనే అనుకుంటున్నాను.

భీమశంకరంగారు నన్ను మెల్లిగా, చంటిబిడ్డని దించినట్టు, మళ్లీ నీళ్లలోకి దించారు. సెక్రటరీగారు తొంగిచూడబోతే వలతో అదిలించారు. పాలూ బస్సూ గుర్తొచ్చి, ఈసారి తప్పు ఆఫ్రికాదంటారేమో అనుకున్నాను.

"పొరపాటు నాదే హైమా," అన్నారు. "మూడు వారాల నుంచి నువ్వు చెబుతూనే ఉన్నావు."

హైమవతి అలమరలో ఉన్న నీలం సీసా కేసి ఒకసారి చూసి, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. ఆయన ఇంకా తొట్టి దగ్గరే ఉన్నారు. మూత లేని నా మూతి కేసి చూస్తున్నారు.

"ఇంకోటి కూడా చెప్పాలి. అప్పుడు మూత పగిలింది చూడు... పిల్లి కాదు. నేనే."