తరలించారా, నకలు తీశారా

నెట్టక్క మళ్ళీ పింగ్ కొట్టింది, ఉన్నావా అని మెషీన్ను పిలిచి చూసే పిలుపు అది. కాసేపు జవాబులు వరసగా వచ్చాయి, తర్వాత మాట పడిపోయింది, ఆపైన ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదలైంది. ఆమె బల్లకింది ఇనప్పెట్టె మీద కాళ్ళు ఆనించి, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, తెరవంక కోపంగా చూసింది. పూర్తిగా చచ్చిన నెట్‌వర్క్ అంటే ఆమెకు భయం లేదు. దానికి కారణం ఏదో ఒకటి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇలా వస్తూ పోతూ ఉండేదంటేనే ఒళ్ళు మంట.

ఫోను మోగింది. రిపోర్టుల కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి.

"నెట్టక్కా, మళ్ళీ పోయింది."

"తెలుసు."

"ఇక్కడ జనం నన్ను తినేస్తున్నారక్కా. పెద్దాయనొకరిది ఆపరేషన్ కేసు. రక్తం రిపోర్టు కంప్యూటర్లో కనిపిస్తేగానీ లోపలికి తీసుకోరట, చేత్తో రాసిస్తే ముట్టుకోరట. ఆ పెద్దాయన భార్య పొద్దుట్నుంచి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోదు."

"కూర్చోడానికి అక్కడ కుర్చీ ఏదీ? పెట్టెయ్, చూస్తున్నా."

ఆమెకో పేరుంది గాని, ఈ ఆస్పత్రిలో దాంతో ఎవరికీ పని పడలేదు. నెట్ పోయినప్పుడు తలుచుకునే మనిషి కాబట్టి నెట్టక్క అయింది. డాక్టర్లకీ నెట్టక్కే, ఆయాలకీ నెట్టక్కే. భూమట్టానికి కింద, కిటికీ లేని గదిలో ఆమె కుర్చీ. ఆ గదిలో చల్లదనం మెషీన్ల కోసం, మనుషుల కోసం కాదు. అందుకని ఎండాకాలంలో కూడా స్వెట్టరు తొడుక్కుంటుంది. మోచేతుల దగ్గర అది చిరిగితే, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న వాళ్ళక్క వేరే రంగు గుడ్డతో మాసిక వేసింది. అక్కచెల్లెళ్ళిద్దరే ఇంట్లో. ఒకామె పెళ్ళి చేసుకుని తిరిగొచ్చింది, ఇంకొకామె అసలు వెళ్ళనే లేదు. ఎవరు తెలివైనవాళ్ళన్న వాదన భోజనాల దగ్గర అప్పుడప్పుడూ లేస్తుంటుంది.

ఆ ఇనప్పెట్టె ఒక పాత కంప్యూటరు, దాని సంగతి చెప్పాలి. రక్తపరీక్షల రిపోర్టులన్నీ నడిపే పాత ప్రోగ్రాం ఒకప్పుడు అందులో ఉండేది. పెట్టె ముసలిదై ఆయాసపడడం మొదలుపెట్టింది. ప్రోగ్రాం రాసిచ్చిన కంపెనీ ఏనాడో మూతపడింది. కొత్త కంప్యూటర్లేమో దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. అప్పుడు నెట్టక్క ఆ పెట్టెలో ఉన్నదంతా ఉన్నట్టుగా తీసి, పెద్ద మెషీను లోపల ఒక వర్చువల్ మెషీనుగా పెట్టింది. అంటే కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు. ఇల్లు మారిన సంగతి ఆ ప్రోగ్రాంకి ఈనాటికీ తెలియదు, పాత పెట్టెలోనే ఉన్నాననుకుని పని చేసుకుపోతుంది. ఖాళీ పెట్టెను పాతసామాన్లవాడు కూడా పట్టుకెళ్ళలేదు. ఆమె పొట్టి మనిషి, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకందవు. పెట్టె బల్లకిందికి చేరింది.

ఆ మార్పు జరిగిన రోజు సూపరింటెండెంటు స్వయంగా మెట్లు దిగి వచ్చాడు. "దీన్ని మార్చే రోజంటూ వస్తే మొదట మీకే చెబుతానమ్మా. కొత్తది కూడా మీ చేతిలోనే పెడతా" అన్నాడు. అడిగి అనిపించుకున్న మాట కాదు, ఆయనే అన్నాడు. ఆ మాట పట్టుకునే, నిరుడు ఇంకో ఆస్పత్రివాళ్ళు ఇంటికొచ్చి పిలిస్తే ఆమె వెళ్ళలేదు. వాళ్ళక్క వారం రోజులు దెప్పింది. ఈమధ్య బయటి కంపెనీ ఏదో వస్తుందని వరండాల్లో గుసగుసలు వినిపిస్తే, "ఉంటే నాకు చెప్పరా?" అని ఆమె కొట్టిపారేసింది. ఆ ప్రోగ్రాం పోతే తన కుర్చీ కూడా పోతుందని ఆమెకు తెలుసు. పోతే పోనీ, ముందు నాతో చెబుతారు కదా అన్నదే ఆమె ధీమా.

పొద్దుట్నుంచి చెయ్యాల్సినవన్నీ చేసింది. ముందు తీగ, తర్వాత మెషీను, చిట్టచివర మనుషులు: అనుమానించడంలో ఆమె వరస అది. కేబులు మార్చింది. నెట్‌వర్కు తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్చిలో దాన్ని ఇంకో రంధ్రంలోకి గుచ్చింది. వర్చువల్ మెషీనుకీ బయటి నెట్‌వర్కుకీ మధ్య బ్రిడ్జి సరిగ్గా ఉందో లేదో చూసింది. లోపలి నెట్‌వర్క్ కార్డు తీసేసి మళ్ళీ పెట్టింది. మెషీను ఆపి మళ్ళీ వేసింది. కాసేపు బాగుండడం, కిటికీ అమ్మాయి "వచ్చిందక్కా" అనడం, అంతలోనే పోవడం. చివరికి మనుషుల వంతు వచ్చి, వరండాలో నిచ్చెన మోసుకుపోతున్న కరెంటాయన మీద పడింది.

"పైన ఏం పీకారు?"

"ఏం పీకలేదమ్మా. బల్బు మార్చా."

"మీరు చెయ్యి పెట్టిన ప్రతిచోటా నా ప్రాణం మీదికొస్తుంది."

మామూలుగా అయితే ఆయన మాటకు మాట అనేవాడు. ఈసారి తలొంచుకుని నిచ్చెనతో పాటు వెళ్ళిపోయాడు. అది వింతగా ఉందని ఆమెకు ఆ కోపంలో తోచలేదు.

ఇక లాభం లేదని వర్చువల్ మెషీన్ను ఆపి, నెట్‌వర్కులో చెత్తేమైనా తిరుగుతోందేమో చూద్దామని కూర్చుంది. అలవాటుకొద్దీ వేళ్ళు పింగ్ కొట్టాయి. ఆపేసిన మెషీను చిరునామాకే కొట్టాయి.

జవాబు వచ్చింది.

ఆమె కాళ్ళు పెట్టె మీంచి కిందికి జారాయి. మెషీను ఆగే ఉంది, తెర నల్లగా ఉంది, అయినా ఎవరో పలుకుతున్నారు. ఇంకోసారి కొట్టింది. ఇందాకటిలా తడబాటు లేదు, ఒక్క జవాబూ తప్పకుండా, హాయిగా వస్తున్నాయి. ఏ మెషీను ఏ తీగ మీద ఉందో చూపే స్విచ్చి లోపలి జాబితా గబగబా తెరిచింది. తన మెషీను నెట్‌వర్క్ కార్డు నంబరు ఇప్పుడు తన గది తీగ మీద లేదు, పై అంతస్తు చివరి గదికి వెళ్ళే తీగ మీద ఉంది. ఆ గదిలో విరిగిన మంచాలు తప్ప ఏమీ ఉండవని ఆమె ఎరుక. తన మెషీన్ను మళ్ళీ నడిపించి, గది తాళం కూడా వెయ్యకుండా బయల్దేరింది.

మెట్ల కింద మీటర్ల బోర్డు దగ్గర కరెంటాయన టీ తాగుతున్నాడు.

"చివరి గదికి కేబులు లాగిందెవరు?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "నేనే. పోయిన వారం. మీకు చెప్పొద్దన్నారు."

"ఇంకెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసమ్మా."

"పొద్దున అన్ని మాటలన్నాను. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"తిట్లయితే పడతాను గానీ, ఆ మాట చెప్పడం నావల్ల కాలేదు."

ఆమెకు ఆయన మీద కోపం నిలవలేదు. "మిమ్మల్ని ఊరికే అన్నాను" అని మెట్లెక్కింది. ఆస్పత్రంతా తెలిసిన సంగతి, ఆ ఆస్పత్రి తీగలన్నీ ఎక్కడెక్కడ పోతాయో తెలిసిన మనిషికి తెలియదు. రోజూ నవ్వుతూ పలకరించినవాళ్ళంతా ఆ నవ్వు వెనక ఇది పెట్టుకునే నవ్వారు. కడుపు మండడానికి ఇంతకన్నా ఏం కావాలి.

చివరి గదిలో మంచాల్లేవు. కొత్త బల్లలు, కొత్త మెషీను, మెడలో కంపెనీ బిళ్ళ వేసుకున్న ఇంజనీరు. ఆమెను చూసి మర్యాదగా లేచాడు.

"మీరేనా మేడమ్? మీ బ్యాకప్ చాలా నీట్‌గా ఉంది. మాకేం కష్టం కాలేదు."

బల్ల మీద ఆమె డిస్కు ఉంది. ఆ గది తగలబడినా ప్రోగ్రాం బతకాలని, రోజూ సాయంత్రం మొత్తం మెషీనుకు నకలు తీసి సూపరింటెండెంటు చేతికిస్తుందే, ఆ డిస్కు. పక్కన దాని సంచి. నీలంపూల రవికె గుడ్డ మిగిలితే వాళ్ళక్క కుట్టిచ్చిన సంచి.

"ఎప్పుడు పెట్టారిది?" అంది.

"నిన్న రాత్రి."

"తెరిచేటప్పుడు ఒక ప్రశ్న అడిగుంటుంది."

"అడిగింది మేడమ్. మూవ్ చేశారా, కాపీ చేశారా అని. మూవ్ అని కొట్టా."

"ఎందుకు?"

"ఇక్కడికి మారిపోయినట్టే కదా. కిందది ఆపేసి ఉంటారనుకున్నా. మీకు చెప్పేశామన్నారు సార్."

నకలు తీశామని చెప్పి ఉంటే ఆ మెషీను కొత్త కార్డు నంబరు పుట్టించుకునేది. నెట్‌వర్కులో దాన్ని కొత్తగా వచ్చినదానిగా గుర్తుపట్టి ఆమె ఉదయమే నిలదీసేది. తరలించామని చెప్పడంతో పాత నంబరూ పాత చిరునామా అలాగే ఉంచుకుంది. కింద ఒకటి, పైన ఒకటి, రెండూ నేనే నేనంటుంటే, పాపం నెట్‌వర్కు కాసేపు దీనికీ కాసేపు దానికీ పలుకుతోంది. తరలించడమంటే పాతచోట ఏమీ మిగలకపోవడం. కింద ఇంకా ఒక మనిషి కూర్చుని ఉందన్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

అంతలో సూపరింటెండెంటు తలుపు తోసుకుని వచ్చాడు. "నెట్ ఎందుకు పోతోందయ్యా? కింద ఆపరేషన్..." అంటూ ఆమెను చూసి ఆగిపోయాడు.

"మీకు చెబుదామనే ఉన్నానమ్మా. మంచి సమయం చూసి."

"రోజూ సాయంత్రం డిస్కు మీ చేతికే ఇస్తున్నా కదా సార్. నిన్న కూడా ఇచ్చా. జాగ్రత్తగా వెళ్ళండి అన్నారు. అది మంచి సమయం కాదా?"

"మీరు బాధపడతారని..."

"పడితే పడేదాన్ని. మీరే అన్నారు, మొదట మీకే చెబుతానని. మొదట కాదు సార్, చిట్టచివర కూడా మీరు చెప్పలేదు. మెషీను చెప్పింది."

ఆయన గోడ మీది కొత్త ఏసీ వంక చూశాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఎవరి మొహం మీదా చెడు మాట చెప్పలేని పెద్దమనిషి. అలాంటి పెద్దమనుషుల మెత్తదనం కింద నలిగేది ఎప్పుడూ ఎదుటివాళ్ళే.

ఇంజనీరు నెమ్మదిగా అన్నాడు. "రెండిట్లో ఒకటి ఆగాలి సార్. మాది ఆపాలంటే హెడ్డాఫీసు నుంచి అనుమతి రావాలి. సాయంత్రం దాటుతుంది."

అయితే సాయంత్రం దాకా ఆగండి అని ఒక్క మాటంటే చాలు. నిందంతా ఎవరి మీద పడాలో వాళ్ళ మీదే పడేది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కిటికీ చువ్వలు పట్టుకున్న ఆ చేతులు కళ్ళ ముందుకొచ్చాయి. ఎంత కోపమొచ్చినా ఈమె రిపోర్టు ఆపదని ఎదుట నిలబడ్డ సూపరింటెండెంటుకి తెలుసు. ఆమె మంచితనాన్ని కూడా ముందే లెక్కేసుకున్నారన్నమాట. అది తలుచుకుంటే ఒళ్ళు మరింత మండింది.

"పొద్దుట్నుంచి వచ్చిన రిపోర్టులు సగం కిందదాంట్లో ఉన్నాయి. తెచ్చి ఇందులో వేస్తా. తర్వాత నాది ఆపేస్తా. నా చేత్తోనే ఆపుతా, ఇంకెవరూ ముట్టుకోవద్దు."

"చాలా థాంక్సమ్మా. మీరు కొన్నాళ్ళు ఇక్కడే కూర్చుని వీళ్ళకి..."

"అది మాత్రం జరగదు సార్."

ఆమె డిస్కును సంచి పక్కన ఉన్నచోటే ఉంచింది. సంచి మాత్రం మడిచి స్వెట్టరు జేబులో పెట్టుకుంది.

కిందికి దిగి, ఉదయపు రిపోర్టులు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మళ్ళీ పైకెళ్ళి వేసింది. పెద్దాయన రిపోర్టు వాటిలో ఉందని రెండుసార్లు చూసుకుంది. తిరిగి తన కుర్చీలో కూర్చుని, కాళ్ళు పెట్టె మీద ఆనించి, మెషీన్ను ఆపే బొత్తాం నొక్కింది. నిజంగా ఆపెయ్యమంటారా అని తెర అడిగింది. ఈ భవనంలో ఆ మాట ఆమెను అడిగింది అదొక్కటే. ఆమె ఔనని కొట్టింది. తెర నల్లబడింది.

ఫోను మోగింది.

"వచ్చిందక్కా. ఇంక పోవడం లేదు. పెద్దాయన్ని లోపలికి తీసుకెళ్ళారు. ఆవిడ నిన్ను చల్లగా ఉండమంది. ఏం చేశావు?"

"ఆపేశాను."

"నాకు తెలుసక్కా. చెప్పలేకపోయాను" అంది ఆ అమ్మాయి.

"ఆ కిటికీ ముందు ఒక కుర్చీ వేయించు. నిలబడలేక చస్తున్నారు జనం."

కళ్ళద్దాల పెట్టె, టీ గ్లాసు చేతిసంచిలో వేసుకుంది. గది తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఇంతలో వాళ్ళక్క ఫోను.

"ఏమే, నీ పెట్టెకి మెత్తటి కవరు కుట్టమన్నావుగా. ఇనుము చల్లగా ఉంటోందని. పొడుగెంతో కొలిచి చెప్పు, గుడ్డ కత్తిరించేస్తా."

"కత్తిరించకక్కా. ఇంటికొస్తున్నా."

"ఈ వేళప్పుడా? ఏమైంది?"

"వచ్చి చెబుతా."

"ఆ పెద్దమనిషేనా?"

"ఆయనే."

"చెంప వాయించావా?"

"లేదు. పని చేసిచ్చి వస్తున్నా."

"నీ మొహం" అంది వాళ్ళక్క. ఆ గొంతులో జీర వినపడకుండా ఉండడానికి కాబోలు, వెంటనే మిషను తొక్కిన చప్పుడు వచ్చింది.

నెట్టక్క లైటు తీసి, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఎవరూ ఎదురుపడలేదు. గదిలో మెషీన్లు ఎప్పటిలాగే హోరుమంటున్నాయి, చల్లగాలి ఎప్పటిలాగే తిరుగుతోంది. బల్లకింద ఖాళీ ఇనప్పెట్టె ఉండిపోయింది, రెండు పాదాల మేర రంగంతా అరిగిపోయి, లోపలి ఇనుము నున్నగా బయటపడి.