రీటా అని పిలిస్తే

బెలైనెష్ బకెట్టు పట్టుకుని మెట్లు కడుగుతుంటే ఎదురు మేడ మీంచి "రీటా!" అని కేక వినబడింది. "వస్తున్నా మేడమ్" అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆ మేడమ్ ఇంట్లోంచి తను పారిపోయి రెండేళ్లయింది. ఒళ్లింకా అక్కడే చాకిరీ చేస్తున్నట్టుంది. జ్వరంతో ఉన్న స్నేహితురాలి బదులు ఈ పనికి ఒప్పుకోకపోతే, బేరూత్‌లో ఈ సందు మొహం మళ్లీ చూసేదే కాదు.

ఆ మేడ రెండో అంతస్తు బాల్కనీలో తమ ఇథియోపియా పిల్లే ఒకతె దుప్పట్లు ఆరేస్తోంది. "మీ పేర్లు నాకు నోరు తిరగవు. నా ఇంట్లో పనిమనిషంటే రీటాయే" అని బెలైనెష్ పనిలో చేరిన మొదటిరోజే మేడమ్ చెప్పింది. తనకు ముందున్నామె కూడా రీటాయేనట. పాస్‌పోర్టు బీరువాలో, మేడమ్ గడప దాటితే తలుపుకు బయట తాళం. మేడమ్ లోపలికెళ్లేదాకా ఆగి బెలైనెష్, నీ అసలు పేరేంటే అని తమ భాషలో అడిగింది. ఆ పిల్ల దుప్పటి చాటునుంచి చెప్పింది. చెప్పి ఏడ్చింది.

ఇక బెలైనెష్‌కి కాలు నిలవలేదు. తనతో కాపురముంటున్న అబెబెకి చెబితే, తిన్న పళ్లెం ఆమె ముందుకు తోస్తూ, "మనకే కాగితాల్లేవు. పట్టుకుంటే జైలు, ఆపైన ఇంటికి విమానం. ఊళ్లో గొడవలన్నీ నీకెందుకు?" అన్నాడు. ఆ పళ్లెమూ ఆమే కడిగింది. కడుగుతున్నంతసేపూ, రెండేళ్లుగా నోరు మూసుకుని తను కాపాడుకున్నదేమిటో ఆమెకు అంతుచిక్కలేదు.

ఆదివారం తమ దేశపు ఆడవాళ్లంతా బెలైనెష్ గదిలో కాఫీకి చేరారు. వకీలు హనాన్ కూడా వచ్చింది. కాగితాల్లేకపోయినా మనిషి మనిషేననీ, పాస్‌పోర్టు లాక్కోకూడదనీ ఇంటిపనివాళ్ల కోసం దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయనీ, ఈ దేశం దానిమీద ఇంకా సంతకం పెట్టలేదనీ చెప్పింది.

"వాళ్లు కూర్చున్నచోట కప్పులు కడిగిందెవరట?" అంది ఒకామె. అందరూ నవ్వారు. బెలైనెష్‌కి నవ్వు రాలేదు.

రెండో కప్పు తాగి హనాన్ లేవబోయింది.

"మా దేశంలో మూడో కప్పు దీవెన. తాగకుండా వెళ్లకూడదక్కా, కూర్చోండి." బెలైనెష్ ఆమె కప్పు మళ్లీ నింపింది. "నా పాత మేడమ్ మీద ఫిర్యాదు రాసుకోండి."

"నువ్వు పట్టుబడొచ్చు, తెలుసుగా? నీ పాస్‌పోర్టు ఇప్పించమని రాయనా?"

"నాది తర్వాత. ముందు ఇప్పుడక్కడున్న పిల్లని బయటికి తీసుకురండి. దాని పేరు ఫాంతు. చెప్పిందెవరంటే బెలైనెష్ తడెస్సె అని రాయండి. రీటా అని మాత్రం రాయకండక్కా, ఆ ఇంట్లో అలాంటి మనిషి ఎప్పుడూ లేదు."