దొరగారి బీరువా

ఇత్తడి కనపడితే చింతపండు పెట్టి తోమందే నీరజ చేతులు ఊరుకోవు. ఆ చేతులే కొంప ముంచాయి.

రేపల్లెలో వాళ్ళ చర్చి కట్టి నూరేళ్ళవుతోంది. పండగ పది రోజులుందనగా ఆడవాళ్ళంతా తలో పనీ పంచుకున్నారు. బలిపీఠం వెనక గదిలోని దొరగారి బీరువా మాత్రం తనే తుడుస్తానని నీరజ ముందే చెప్పేసింది. సంఘ కార్యదర్శి వినయ్ కుమార్ భార్యను కాదనేదెవరు? ఎప్పుడో ఒక మిషనరీ దొర ఓడ మీద తెప్పించుకుని, వెళ్ళిపోతూ చర్చికి వదిలేసిన బీరువా అది. నడుమెత్తుంటుంది. తలుపుల మీద ఎర్రగా మెరిసే తాబేటి చిప్ప, అందులో పొదిగిన ఇత్తడి తీగలు, ఆకులు, పిట్టలు. ఇత్తడి నల్లబడి పిట్టలన్నీ కాకుల్లా ఉన్నాయని ఆమె బాధ.

శుక్రవారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి గిన్నెడు చింతపండు గుజ్జు పట్టించి, కొబ్బరి పీచుతో రుద్ది, రెండు చెంబుల నీళ్ళు పోసి కడిగింది. నిజం చెప్పొద్దూ, బంగారంలా మెరిసింది. ఆదివారం ప్రార్థనయ్యాక అందరికీ చూపించి మెప్పు కొట్టేద్దామని, మురిసిపోతూ ఇంటికి పోయింది.

ఆదివారం గది తలుపు తీస్తే ఇత్తడి తీగలు పైకి లేచి నిలబడి ఉన్నాయి. చిప్ప ముక్కలు వేయించిన అప్పడాల్లా వంకర తిరిగాయి. కొన్ని నేల రాలాయి.

"నువ్వు తుడుస్తానన్నావుగా?" అన్నాడు వినయ్ కుమార్.

"ఇంకా ముట్టుకోనేలేదండి" అనేసింది. ఆలోచించి అన్న మాట కాదు. పదిమంది చూస్తుంటే నోట్లోంచి అదే వచ్చింది.

శనివారం వాన పడింది, ఆ జల్లుకే బీరువా తడిసిందనుకున్నారంతా. కిటికీలు వేయాల్సింది వాచ్‌మన్ మోషే. పెరట్లోని రెండు గదుల్లో భార్య సువార్తతో ఉంటాడు. వేశానండి అంటాడు. వేస్తే నీళ్ళెలా వచ్చాయంటారు వీళ్ళు. రేపు చెబుదాంలే అనుకుంది నీరజ. ఆ రేపు సోమవారమైంది, మంగళవారమైంది.

గురువారం తెనాలి నుంచి పాత సామాను బాగుచేసే జయకృష్ణ వచ్చాడు. కమిటీవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"బాపట్లలో ఒకరింట్లో ఇలాంటి పనే ఉన్న గడియారం పెట్టె బాగుచేశానండి. ఇత్తడి రేకూ చిప్పా ఒకదానిమీద ఒకటి పెట్టి ఒకే రంపంతో కోస్తారు. అందుకే వెంట్రుక పట్టే సందు కూడా ఉండదు. పట్టి ఉంచేది తోలు ఉడకబెట్టి తీసిన బంక. నీళ్ళు నిలిస్తే జావైపోతుంది."

"వాన నీళ్ళేగా?" అన్నాడు వినయ్ కుమార్.

జయకృష్ణ లేచిన రేకు కిందినుంచి పట్టకారుతో సన్నటి చింతపండు పీచు లాగాడు. "వానలో చింతపండు రాదు కదండి. ఎవరో తోమారు. ఇత్తడి మళ్ళీ అతికిస్తాను. పాడైన చిప్ప మాత్రం బాగవదు. కొత్తది కొందామన్నా తాబేటి చిప్ప అమ్మకానికి చట్టం ఒప్పుకోదు."

ఇంతలో వెనకనుంచి మోషే ముందుకొచ్చాడు.

"నేనే కడిగానండి" అన్నాడు తల వంచుకుని.

నీరజ తెల్లబోయింది. చెయ్యని తప్పు మోషే తన నెత్తినెందుకు వేసుకుంటున్నాడు?

"నాలుగు రోజులనుంచి అబద్ధమాడుతున్నావా?" అన్నాడు వినయ్ కుమార్. "పండగ కాగానే గదులు ఖాళీ చెయ్యి. ఇక పనికి రావద్దు."

ఇంక ఆగితే మనిషినే కాదనిపించింది నీరజకు. "కడిగింది నేనండి. మోషేకేం తెలీదు. శుక్రవారం నేనే తోమాను, తోమలేదని అందరికీ అబద్ధం చెప్పాను."

వినయ్ కుమార్ ముఖం నల్లబడింది. పోనీ, ఇప్పటికైనా బరువు దిగిందనుకుంది నీరజ, పిచ్చిది. మోషే ముఖం చూశాక తెలిసింది దిగలేదని.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు తమ్ముడూ?" అని అడిగింది.

"ఆదివారం తూము దగ్గర చింతపండు పిప్పి చూశానక్కా. కొవ్వొత్తుల స్టాండులు వారం వారం చింతపండుతో తోమేది మా సువార్తేగా. అదే చేసిందనుకున్నా. కాదంది. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది. దేవుడి పుస్తకం మీద కూడా అబద్ధమాడతావా అని నానా మాటలూ అన్నాను. సోమవారం పొద్దున్నే వాళ్ళ ఊరు జంపని పోయింది, పుట్టింటికి. ఫోనెత్తట్లేదు. దాని మీదికి రాకూడదనే నేను ఒప్పుకున్నా."

"ఇప్పుడే పోదాం పద. తప్పు నాదని నేను చెబుతాను, కాళ్ళు పట్టుకుంటాను."

మోషే ఆమె వైపు కోపంగా చూసినా బాగుండేది. అలా చూడలేదు.

"మీరు చెబితే నమ్ముతుందక్కా. ఎవరు తోమారన్నది కాదు దాని బాధ. ఇరవయ్యేళ్ళు కాపురం చేశాను, దాని మాట నేను నమ్మలేదు. ఆ సంగతి మీరేం చెప్పి మారుస్తారు?"