గోడ నోరు

గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు. మా ఇంటి గోడకు నోరుంది. పెరట్లో చిన్న ఈతకొలను, దాని లోపలి గోడకు నీటిమట్టానికి జానెడు కింద, పిడికిలి పట్టేంత గుండ్రటి కన్నం. మోటారు వేస్తే అది నీళ్ళు లాగుతుంది. ఆ కన్నానికి పొడుగాటి గొట్టం తగిలించి, గొట్టం రెండో కొసకు కొలను శుభ్రం చేసే యంత్రాన్ని బిగిస్తే, అది అడుగున పాకుతూ మట్టినీ ఆకులనీ పీల్చుకుంటుంది. నల్లటి డిప్ప, చుట్టూ రబ్బరు అంచు, నింపాదిగా నడక. దానికి తాబేలని పేరు పెట్టింది నా మనవరాలు. గొట్టం దాని తోక. తోక వెళ్ళి దూరే కన్నం నోరు. "గోడ తాబేలు తోకను నమిలేస్తోంది నానమ్మా" అని పగలబడి నవ్వేది. దాని మాటే ఇంట్లో అందరి మాటా అయింది.

మనవరాల్ని బుడంకాయ అని పిలిచేవాళ్ళం. ఏడేళ్ళ పిల్ల. ఇప్పుడు లేదు.

ఎలా లేకుండా పోయిందో చెబుతాను. నా నోరు మంచిది కాదని మా ఆయన బతికున్నన్నాళ్ళూ అన్నాడు. దాన్ని మూయించాలంటే యముడే దిగిరావాలనేవాడు. యముడు దిగొచ్చాడు, కానీ నన్ను వదిలేసి పిల్లను పట్టుకుపోయాడు. వాడికీ కళ్ళు కనబడవు కాబోలు.

నా కొడుకు సర్వే ఆఫీసులో నక్షాలు గీస్తాడు. గీత వెంట్రుకవాసి పక్కకు పోతే వాడికి ముద్ద దిగదు. ఈ ఇల్లు కొన్నప్పుడు కొలనూ తాబేలూ దాంతోపాటే వచ్చాయి. మెకానిక్కును పిలవరా అంటే వినడు. సెలవొస్తే చాలు, తాబేలును గట్టుకు లాగి, వెల్లకిలా పడేసి, మరలు విప్పుతాడు. దాని పొట్టలో మెత్తటి రబ్బరు గొట్టం ఒకటుంటుంది. నీళ్ళు లాగుతున్నప్పుడు అది టకటకా కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడంతోనే తాబేలు నడుస్తుంది. దాన్ని బయటికి తీసి, ఎండకు ఎత్తిపట్టి, సూదిబెజ్జమంత చిల్లున్నా పట్టేస్తాడు. తోకను చుట్ట చుట్టనివ్వడు. చుడితే ఆ వంపు అలాగే ఉండిపోయి తాబేలు ఒకేచోట గిరగిరా తిరుగుతుందట. అందుకని ముక్కలుగా విడదీసి నీడలో బారుగా పరుస్తాడు.

"పెళ్ళాన్ని కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోరా" అంటే, వాడికంటే ముందు కోడలు అందుకునేది.

"నాకు మరలు లేవుగా అత్తయ్యా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు, పాపం."

బడిలో లెక్కలు చెప్పే మనిషి. మాటకు మాట అప్పజెప్పడంలో నాకు తగ్గ కోడలే.

తోక తీస్తే నోరు ముయ్యాలన్నది ఇంట్లో చట్టం. ఆ కన్నానికి స్ప్రింగు మూత ఉంది. గొట్టం ఊడదీయగానే దానంతటదే పడాలి. స్ప్రింగు సాగిపోయి చాలాకాలమైంది, చేత్తో నొక్కి తిప్పితేనే పడుతుంది. కొత్తది తెస్తానని వాడు, తెస్తాడులే అని మేము. గట్టు మీద ఎవరు దగ్గరుంటే వాళ్ళు వంగి మూసేవాళ్ళం. వాడి చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు కాబట్టి ఉన్నచోటి నుంచే అరిచేవాడు, "నోరు ముయ్యి!" అని.

మొదటిసారి ఆ కేక విన్నప్పుడు కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎవరిది? నాదా, గోడదా?"

"రెండూ" అన్నాడు వాడు.

నలుగురం కడుపు పట్టుకుని నవ్వాం. అప్పటినుంచీ అదొక ఆట. వాడు అరవాలి, ఆమె నాదా గోడదా అని అడగాలి, అడిగి వంగి మూత తిప్పాలి. బుడంకాయ ఒకసారి బడిలో పంతులమ్మ నోరు ముయ్యమంటే "నాదా, గోడదా?" అని అడిగి గోడవైపు తిరిగి నిలబడింది. ఇంటికొచ్చి ఆ సంగతి ఘనంగా చెప్పుకుంది కూడా.

ఆ రోజు కోడలి తండ్రికి కంటి కట్టు విప్పుతారు. కట్టు తీయగానే మొదట కూతురి మొహమే చూడాలని ముసలాయన ఆశపడ్డాడు. పొద్దున్నే బయల్దేరదామన్న నా కొడుకు, ఎండెక్కినా గట్టు మీదే ఉన్నాడు. తాబేలు ఒక మూల చేరి కదలడం లేదు. తోకలో ఎక్కడో గాలి పీలుస్తోందని, అదెక్కడో కనిపెట్టాలని, మోటారు ఆపకుండానే ముక్కలు ఒక్కొక్కటీ విడదీస్తూ వచ్చాడు. చివరికి నోట్లో ఉన్న ముక్కను కూడా లాగేశాడు. లాగేసి అవతలి గట్టున కూర్చుని తాబేలు పొట్ట విప్పాడు. నేను పెరటి మెట్ల మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. అక్కణ్ణుంచి గట్టు అంచు కనబడుతుంది కానీ కన్నం కనబడదు.

కోడలు తయారై, భుజాన సంచీ తగిలించుకుని వచ్చి, సరిగ్గా ఆ కన్నం పైన గట్టు మీద నిలబడింది.

"ఇంకా అదేనా? మా నాన్న అక్కడ ఎదురుచూస్తూ కూర్చుంటాడండీ."

"అయిపోయింది. ఐదు నిమిషాలు."

"పొద్దున్నుంచీ అదే ఐదు నిమిషాలు. తాబేలుకు ఊపిరాడకపోతే మీ ప్రాణం గిలగిల్లాడిపోతుంది. మా వాళ్ళు ఏమైపోయినా మీకు పట్టదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి కొంగుతో తుడుచుకుంది. వాడు రెండు చేతులా రబ్బరును సాగదీసి పట్టుకున్నాడు, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు కరిచిపట్టాడు. ఆ పళ్ళ సందునుంచే అన్నాడు.

"ముందు నోరు ముయ్యి!"

అంటూ గడ్డం కిందికి విసిరాడు. స్క్రూడ్రైవరు మొన నీళ్ళవైపు చూపించింది. అది నేను చూశాను. కోడలు చూడలేదు.

ఆమె నాదా గోడదా అని అడగలేదు. "అంతేలెండి" అని, విసవిసా లోపలికి వెళ్ళి గది తలుపేసుకుంది. వాడు మూత పడిందనే అనుకున్నాడు. ఆ కేక విని ఆమె మూయకుండా పోయిన రోజు లేదు మరి. లేచి, కొత్త రబ్బరు కోసం మోటారు గదిలోకి వెళ్ళాడు. నేను బట్టలెత్తుకుని కోడలి గది తలుపు తట్టడానికి వెళ్ళాను. ఆ సందులో బుడంకాయ వచ్చి నీళ్ళలోకి దూకింది. చేపపిల్లలా ఈదేది. జడ విప్పుకుని ఈదితే జుట్టంతా నీళ్ళలో పరుచుకుంటుందని దానికి సరదా.

ఇంతకంటే వివరంగా చెప్పలేను. వాడి కేక విని మేమిద్దరం పరుగెత్తుకొచ్చేసరికి మోటారు ఆగి ఉంది. వాడు నీళ్ళలో ఉండి కత్తెర, కత్తెర అని అరుస్తున్నాడు. గుడ్డలు కత్తిరించే నా కత్తెర తెచ్చిచ్చాను. దాంతో జుట్టు కత్తిరించి పిల్లను విడిపించాడు. అప్పటికే ఆలస్యమైపోయిందన్నాడు డాక్టరు.

విచారణకు వచ్చినవాళ్ళు ప్రమాదమని రాసుకుపోయారు. చుట్టాలు కొలను పూడ్చేయమన్నారు. పూడ్చమని ఆమె అనలేదు, పూడ్చనా అని వాడు అడగలేదు. వాడు కొత్త స్ప్రింగు వేశాడు, కొత్త మూత వేశాడు, మూతకు తాళం కూడా వేశాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని నా నోటిదాకా వచ్చింది, మింగేశాను. కోడలు ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. బడికి పోవడం మానేసింది. రోజుకు రెండు ముద్దలు, అవీ నేను బతిమాలితే. మనిషి పుల్లలా అయిపోయింది.

వాడు మాత్రం సెలవు రాగానే తాబేలును విప్పుతూనే ఉన్నాడు. దానికి ఏ రోగమూ లేదు. ఒకనాడు మోటారు గదికి చాయ పట్టుకెళ్తే లోపలినుంచి వాడి గొంతు వినిపించింది. "ముందు నోరు ముయ్యి." కాసేపాగి, కొంచెం మెత్తగా, "ముందు నోరు ముయ్యి." మళ్ళీ కాస్త కటువుగా. పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు పెట్టుకుని మరోసారి. ఆ రోజు ఎలా అన్నాడో వాడికే గుర్తులేక, ఒక్కో గొంతూ గోడకు వినిపించి చూసుకుంటున్నాడు. నేను చాయ గుమ్మంలోనే పెట్టి వచ్చేశాను. చల్లారిపోయాక కూడా అక్కడే ఉంది.

చివరికి ఒకనాడు వంటింట్లోకి వచ్చి కోడలికి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను గోడనే అన్నాను. నిన్నైతే మూసుకో అనేవాణ్ణి కదా? ముయ్యి అన్నాను. అదీ ముందు అన్నాను. ముందు అది మూసి, తర్వాత మాట్లాడమని."

బిడ్డ పోయిన ఇంట్లో వ్యాకరణం! నాకు ఒళ్ళు మండిపోయింది. కోడలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. వాడు నావైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు విన్నావుగా. చెప్పు తనకి."

నేనేం చెప్పను? గోడనే అన్నాడంటే, చెప్పినా మూయకుండా వెళ్ళింది ఆమె. ఆమెనే అన్నాడంటే, ఉడుకుమోత్తనంతో మాట జారి బిడ్డను పోగొట్టుకున్నది వాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకరిని తీసి గట్టున పడేయాలంటే రెండోవాళ్ళను లోపలికి తోయాలి.

"ముందు ఇద్దరూ తిని చావండి" అని కసిరి, అప్పటికి దాటేశాను.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం మోటారు చప్పుడుకు మెలకువ వచ్చింది. వాడింకా నిద్రలోనే ఉన్నాడు. తాబేలును ఎవరూ నీళ్ళలోకి దింపలేదు. మరి మోటారు ఎవరు వేశారు? చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తాను.

మూత తాళం తీసి ఉంది. కోడలు కట్టుబట్టలతో గొంతుదాకా నీళ్ళలో ఉంది. గోడకు ఆనుకుని, అరచెయ్యి ఆ కన్నానికి దగ్గరగా పెట్టి అది లాగుతుంటే చూస్తోంది. జుట్టు విరబోసుకుంది.

నేను మోటారు ఆపేశాను. గట్టు మీద చతికిలబడి, వంగి, ఆమె జుట్టంతా నా గుప్పిట్లో పట్టుకున్నాను. వదల్లేదు. అన్ని నెలల తర్వాత ఆమే మాట్లాడింది.

"అత్తయ్యా, ఒక్కటే చెప్పండి. ఆ రోజు ఆయన అన్నది నాదా, గోడదా?"

మేం నవ్వుకున్న మాటే. నా కళ్ళముందు స్క్రూడ్రైవరు మొన ఆడింది. నా గుప్పిట్లో తడి జుట్టుంది.

"నీదే తల్లీ" అన్నాను. "నిన్నే అన్నాడు. కన్నదాన్ని, వాడి గొంతు నాకు తెలీదా? పళ్ళు నూరుతూ నిన్నే అన్నాడు."

"నన్ను మూత మూయమని చెప్పలేదా మరి?"

"చెప్పలేదు. ఒట్టు."

ఆమె నా మోకాలికి తల ఆనించి ఏడ్చింది. పిల్లను సాగనంపిన రోజు కూడా ఏడవని మనిషి ఆ రోజు ఏడ్చింది. పైకి లాగి, తుండు చుట్టి, జుట్టు పిండి జడ వేశాను. లేచి ఇంటివైపు తిరిగేసరికి మెట్ల మీద నా కొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎక్కణ్ణుంచి విన్నాడో తెలియదు. మొహం చూస్తే అంతా విన్నాడని తెలుస్తోంది. కోడలు వాణ్ణి దాటుకుని లోపలికి వెళుతూ ఒక్కసారి కళ్ళెత్తి చూసింది. అలాంటి చూపు నా పగవాడి మీద కూడా పడకూడదు.

ఆ పూట ఆమె అడక్కుండానే కంచం ముందు కూర్చుని కడుపునిండా తింది.

సాయంత్రం వాడు గట్టు మీద తాబేలును వెల్లకిలా పెట్టుకుని కూర్చున్నాడు. మరలు విప్పడం లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. వంటింటి కిటికీ తెరిచి ఉంది, లోపల కోడలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మీదికి ఎగురుతాడనుకున్నాను. కొడుకును కాదని కోడల్ని కాపాడుకున్నావా అని నిలదీస్తాడనుకున్నాను. అలా అడిగినా బాగుండేది.

"అమ్మా" అన్నాడు, చిన్నప్పటి గొంతుతో. "ఇన్నాళ్ళూ గోడనే అన్నాననుకుంటున్నాను. ఎంత ఆలోచించినా నాకు అలాగే గుర్తుంది. నిజంగా తననే అన్నానా?"

కిటికీలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారలేదు, తెలిసి తెలిసి వదిలాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే ఒక్క మాట చాలు. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ నా మాట నమ్మినవాడు, అప్పుడూ నమ్మడానికే చూస్తున్నాడు. కిటికీ అవతల ఆమె ఊపిరి బిగబట్టి నిలబడి ఉందని నాకు తెలుసు.

నేను నోరు మూసుకున్నాను.

"అయితే అన్నానన్నమాట" అన్నాడు వాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఆ తాబేలును మళ్ళీ ముట్టుకోలేదు.