గురివింద ఎత్తు

తిరువొత్తియూరు స్టేషన్ ఎదురుగా ఉన్న మందుల షాపులో కేశవ్ వేసిన ఒక జోకుతో ఇది మొదలైంది. 1996 నవంబరు. నాగలింగాచారి అయ్యప్ప మాల వేసుకుని అప్పటికి మూడు రోజులు.

కేశవ్‌ది ఒంగోలు. షాపులో చేరి ఏడాది అయింది. నల్లపంచెతో, మెడలో మాలతో వచ్చిన ఆచారిని చూసి, చాపిన చీటీ అందుకోకుండానే నవ్వాడు.

"ఏంది స్వామీ, మాలేసుకుని మందు కోసం వచ్చారు? మా ఊళ్ళో మాలేసుకుంటే మందు ముట్టరే!"

"ఇది ఆ మందు కాదప్పా. గుండెకి."

"గుండెకా? ఎవరు చెప్పారండీ మీకు? ఇది నిద్రమాత్రల జాతి. మత్తుమందే. నాదేం పోయింది, బిళ్ళల షీటు ఇస్తా. కొండ మీద మీరే జవాబు చెప్పుకోండి."

పక్కన నిలబడ్డ ఇద్దరు నవ్వారు. ఆచారి కూడా నవ్వాడు. షీటు తీసుకోలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని రైలెక్కాడు.

ఆ చీటీకి రెండేళ్ళు. 1994 వేసవిలో ఒకరోజు కొరుక్కుపేట దాటాక రైలు ఆగిపోయింది. పెట్టెలో కాలు తీసి కాలు పెట్టే చోటు లేదు. పావుగంట గడిచింది. ఆచారికి గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకున్నాడు. రైలు కదిలాక ఎవరో దింపి, ఆటోలో పక్క వీధి డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. డాక్టరు ఈసీజీ తీసి, గుండెకేమీ లేదు, నరాలు బెదిరాయి అన్నాడు. అల్ప్రజోలమ్ అరమిల్లీగ్రాము, రోజుకొకటి, పదిహేను రోజులకు రాసిచ్చాడు.

బిళ్ళ పనిచేసింది. మర్నాడు అదే రైల్లో నిలబడి వెళ్ళాడు. పదిహేను రోజులయ్యాక మానేశాడు. మూడో రోజుకు గుండె మళ్ళీ దడదడలాడింది. జబ్బు తిరగబెట్టిందనుకున్నాడు. అది బిళ్ళ ఆపినందువల్ల కూడా కావచ్చని చెప్పేవాళ్ళు లేరు. అదే చీటీ చూపిస్తే షాపులో అవే బిళ్ళలు ఇచ్చారు. ఏడాదికి ఒకటి రెండయింది. ఆ తర్వాత మూడయింది. చీటీ మడతల దగ్గర చిరిగితే, ఆయన భార్య జయంతి వెనక క్యాలెండరు కాగితం అంటించింది. ఇంట్లో దాని పేరు గుండె బిళ్ళ. ఆచారే పెట్టిన పేరు. నరాలు బెదిరాయని చెప్పుకోవడం కంటే గుండెజబ్బు అని చెప్పుకోవడం ఆయనకు తేలిక.

ఆయన పని రాళ్ళు పొదగడం. సౌకార్‌పేటలో ఒక మేడ మీద పట్టెడ. అక్కడ నలుగురు కంసాలులు నాలుగు కుంపట్లు పెట్టుకుని కూర్చుంటారు. ఏడు రాళ్ళ ముక్కుపుడక చేయాలంటే ఆచారి చేయాలని షాపులవాళ్ళు అనేవారు. ఆ సంవత్సరం గురుస్వామి గోవిందసామి బృందంలో పదకొండు మందికీ రుద్రాక్షలు వెండి తీగతో అల్లి, అతుకులకు మాటు వేసి ఇచ్చింది ఆయనే. తన మాల ఆఖరున చేసుకున్నాడు.

మాలలో మత్తు ముట్టకూడదని గోవిందసామి చెప్పిన మాట ఆచారి మనసులో ఉంది. కేశవ్ జోకు దాని పక్కన కూర్చుంది. ఆ రోజు నుంచి బిళ్ళ మానేశాడు. గురుస్వామిని అడగలేదు. అడిగితే రెండేళ్ళుగా ఏం మింగుతున్నాడో చెప్పాలి.

మానేసిన రెండో రోజు పట్టకారు చేతిలో నిలవలేదు. చన్నీళ్ళ స్నానం పడలేదనుకున్నాడు. మూడో రోజుకు కుంపటి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. చర్మం కింద చీమలు పాకినట్టు ఉంది. అన్నం సహించలేదు, నిద్ర లేదు. స్వామి పరీక్ష పెడుతున్నాడనుకుని శరణాలు చెప్పుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున జయంతి టిఫిన్ డబ్బా ఇస్తూ, "సామీ, మొగం అట్ట పీక్కపోయిందే. ఈ పొద్దు పోవద్దు" అంది. మాల వేసుకున్నాక భర్తని ఆమె కూడా సామీ అనే పిలుస్తోంది.

"పుడక రేపు ఇయ్యాల" అని బయల్దేరాడు.

పదకొండు గంటలకు ఊదుగొట్టం నోట పెట్టుకున్నవాడు అలాగే పక్కకు ఒరిగిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. పక్క కుంపటి దగ్గర కూర్చున్న నాగప్పన్ ఆచారి కుంపటిని కాలితో తన్ని, ఆయన్ని ఇవతలికి లాగాడు. అప్పటికే ఎడమ మణికట్టు కాలింది. మాల తీగ తెగి, రుద్రాక్షలు నేల మీది పొడిలోకి దొర్లిపోయాయి.

పెద్దాసుపత్రిలో తెలివి వచ్చేసరికి సాయంత్రమైంది. జయంతి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. డాక్టరు రంజని మంచం పక్కన నిలబడి ఉంది. పెరంబూరులో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో మాట్లాడే తెలుగే ఆయనతోనూ మాట్లాడింది.

"ఫిట్స్ ఇంతకుముందు వచ్చిందా?"

"లేదు తల్లీ."

"ఈ మధ్యలో మందేమైనా ఆపేసినారా?"

"మందు నాకు అలవాటే లేదు. ప్రమాణం. ఈమె తమ్ముడు వెంకట్రామ్ తాగతాడు. నేను వాణ్ణి గడప తొక్కనియ్యను."

"తాగుడు కాదు నేను అడిగేది. మాత్ర. బిళ్ళ."

ఆచారి కళ్ళు మూసుకున్నాడు. జయంతి ఆయన చొక్కా జేబులోంచి చీటీ తీసి ఇచ్చింది.

"గుండె బిళ్ళమ్మా. రోజుకి మూడు. ఈ నాలుగు దినాలుగా మింగేది నేను చూళ్ళేదు."

డాక్టరు చీటీ ముందువైపు చదివింది. వెనక్కి తిప్పి క్యాలెండరు కాగితం మీదున్న తేదీలు చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"ఇది గుండెది కాదమ్మా. భయం తగ్గేదానికి ఇచ్చేది. పదిహేను రోజులకి రాసింది రెండేళ్ళు తిన్నారు."

"భయమా?" అని జయంతి భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు.

"మత్తుమందంట గదా తల్లీ" అన్నాడు. "మాలలో తప్పని ఆపేసినా."

"రాసినట్టు నాలుగు రోజులు తింటే మందే. ఇన్నాళ్ళు తింటే ఒళ్ళు దానిమీద ఆనుకుంటుంది. ఆనుకున్న గోడని ఒక్క దెబ్బకి లాగేస్తే మనిషి పడతాడా లేదా? మీరు పడింది కుంపటి పక్కన. రైలు పట్టాల మీద పడుంటే?"

"ఐతే బతికినన్నాళ్ళూ మింగాల్నా?"

"అక్కర్లేదు. ముందు మళ్ళీ మూడు మొదలుపెడదాం. ఆ తర్వాత మెట్టుమెట్టుగా దిగాల. నన్ను అడక్కుండా ఒక్క మెట్టు కూడా దూకగూడదు. ఏడాది పట్టొచ్చు."

ఆచారి కుడిచెయ్యి దుప్పటి మీదికి తీశాడు. వేళ్ళు వణుకుతున్నాయి.

"ఈ చెయ్యి తల్లీ. దీంతోనే అన్నం."

"వణుకు తగ్గుతుంది. ఇంకోసారి దూకితే మాత్రం నేను మాటియ్యలేను."

ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది. బిళ్ళ ఉంటే చెయ్యి నిలుస్తుంది, కానీ బిళ్ళ వదలదు. బిళ్ళ వదిలితే చెయ్యి పోవచ్చు. రెండింటి మధ్యా దారి ఒకటి ఉందని డాక్టరు చెప్పింది. ఆ దారి ఆయనకు కనబడలేదు.

నాలుగో నాడు ఇంటికి వచ్చాక గోవిందసామి చూడడానికి వచ్చాడు. వ్యాసర్పాడి రైల్వే యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడు. షాపులో జోకు విని బిళ్ళ ఆపిన సంగతి ఆచారి ఆయనకు చెప్పాడు. నాగప్పన్ ఏరిచ్చిన రుద్రాక్షలు గుడ్డలో కట్టి ఉన్నాయి. జయంతి ఆ మూట తెచ్చి ముందు పెట్టింది. పెట్టి ఊరుకోలేదు.

"నా తమ్ముణ్ణి వాకిట్లోనే నిలబెట్టినాడు సామీ, తాగుబోతని. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంట. ఈయన కత ఇప్పుడు తెలిసింది."

ఆచారి తల వంచుకున్నాడు. గోవిందసామి ఆమెని ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"ఆచారీ, నాకు చెక్కర జబ్బు వచ్చి పద్దెనిమిదేళ్ళు. పొద్దునొక సూది, సాయంత్రమొక సూది. పంబలో మునిగొచ్చి గట్టు మీద కూర్చోని పొడుచుకుంటా. నేనూ మందు ముట్టినట్టేనా?"

"అది వేరే సామీ."

"ఎట్ట వేరే? డాక్టరు రాసిందే గదా."

"నాది డాక్టరు పదిహేను రోజులకే రాసినాడు. మిగిలిందంతా నేను రాసుకుందే."

గోవిందసామి రుద్రాక్షల మూట చేతిలోకి తీసుకున్నాడు. "సరి. అదన్నా ఒప్పుకున్నావు" అన్నాడు. "నన్నొక మాట అడిగుంటే ఆ పిల్లోడి జోకుతో పొయ్యేది. అడగలా. సిగ్గు. ఈ యేడు కొండ వద్దు. కొండ యాడికీ పోదు. ఈ రుద్రాక్షలు నీ దగ్గరే పెట్టుకో. చెయ్యి నిలిచిన రోజు నువ్వే మాటేసుకోని తీసకరా. నేను ఏస్తా."

దిగడం మొదలైంది. మూడు నుంచి రెండున్నర, రెండున్నర నుంచి రెండు. ఒక్కో మెట్టుకు నాలుగు వారాలు. మెట్టు దిగిన మొదటి వారం చెమటలు, పీడకలలు, ఊరికే కోపం. రెండో వారానికి తగ్గేవి. మార్చి చివరికి ఒక బిళ్ళ దగ్గరికి వచ్చాడు. ఏప్రిల్లో దాన్ని సగం చేస్తే పట్టకారు మళ్ళీ జారింది. పొదిగిన రాయి ఊడి నేల పలకల సందులో పడింది. డాక్టరు మళ్ళీ ఒకటికి తెచ్చింది. మే నెలంతా అక్కడే ఆగాడు.

జూన్‌లో ఆసుపత్రికి పోయినప్పుడు ఆచారి సంచిలోంచి ఒక చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. లోపల ఇత్తడి త్రాసు. తాతది.

"తల్లీ, సగం అంటే నాకు పెద్ద మెట్టు. బ్లేడుతో కోస్తే ఒక ముక్క ఎక్కువ, ఒక ముక్క తక్కువ. నా పని ఇది కాదా? చూడండి."

ఒక తట్టలో బిళ్ళ వేశాడు. రెండో తట్టలో ఎర్రటి గురివింద గింజ వేశాడు. ముల్లు కొంచెం ఊగి నడిమికి వచ్చి ఆగింది.

"బిళ్ళ గురివింద ఎత్తుంది. గురివిందకి ఆరు బియ్యపుగింజలు. ఆకురాయితో రుద్దుకుంటూ వస్తే గింజెత్తు తగ్గించొచ్చు. ఇంకా సన్నం కావాలన్నా అవుతుంది."

బయట వరసలో నిలబడ్డవాళ్ళు తొంగిచూశారు. రంజని కుర్చీలోంచి లేచి వచ్చి ముల్లు వైపు చూసింది. బియ్యపుగింజలు తానే వేసి చూసింది. ఆ తర్వాత చీటీ మీద రాసింది: నాలుగు వారాలకు ఒక బియ్యపుగింజ ఎత్తు తగ్గించాలి.

"ఈ కొలత ఎవరికైనా చూపిస్తే నా పట్టా లాక్కుంటారు" అంది. "వారం వారం వచ్చి కనబడాల. మీరే డాక్టరైపోవద్దు."

ఆ రోజు నుంచి పొద్దున కుంపటి రాజేయకముందే ఆచారి బిళ్ళకు వేరుగా పెట్టుకున్న ఆకురాయి తీసేవాడు. ఒళ్ళో తోలు పరుచుకుని రుద్దేవాడు, తూచేవాడు, మళ్ళీ రుద్దేవాడు. మిగిలిన ముక్కని కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకునేవాడు. మధ్యాహ్నం అన్నం తర్వాత అది వేసుకోవాలి. తోలు మీద పడిన తెల్లపొడిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఊదేసేవాడు.

మొదటిసారి చూసినప్పుడు నాగప్పన్ పని ఆపాడు. కంసాలి పట్టెడలో పొడి ఊదేయరు. అందులో బంగారం ఉంటుందని నేల ఊడ్చిన దుమ్ము కూడా ఎత్తి పెడతారు.

"ఏం ఆచారీ, ముప్పై ఏళ్ళ పనిలో పొడి గాలికి పోసేది ఇదే మొదలా?"

"ఇదే మొదలు" అన్నాడు ఆచారి.

నవంబరుకు ఒక బియ్యపుగింజ ఎత్తు మిగిలింది. ఒక సోమవారం పొద్దున కొరుక్కుపేట దాటాక రైలు ఆగింది. పెట్టె నిండా జనం. గుండె అదే విధంగా మొదలుపెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి సగంలో ఆగింది. పైజేబులో చిన్న పొట్లం ఉంది. శనివారమే ముందుగా తూచి పెట్టుకున్నది, ఈ సోమవారం మధ్యాహ్నం వేసుకోవలసింది. చెయ్యి జేబు మీదికి పోయింది. అప్పుడు తొమ్మిదిన్నర.

భయం ఎక్కినట్టే దిగుతుంది, దిగేదాకా ఊపిరి పొడుగ్గా వదులుతూ ఉండమని రంజని చెప్పింది. ఊదుగొట్టం ఊదినట్టు ఊదమంది. ఆచారి ఊదాడు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి విసుక్కుని మొహం తిప్పుకున్నాడు. చొక్కా చెమటకు తడిసింది. చస్తాననుకున్నాడు. చావలేదు. మళ్ళీ అనుకున్నాడు. పన్నెండు నిమిషాలకు రైలు కదిలింది. చెయ్యి జేబు మీదే ఉంది. పొట్లం విప్పలేదు.

పట్టెడకు వచ్చి మంచినీళ్ళు తాగాడు. రుద్రాక్షల మూట విప్పాడు. వెండి తీగ సాగదీసి, గింజకొక కొక్కెం తిప్పి, అతుకు పట్టడానికి వెలిగారం అద్దాడు. ఊదుగొట్టం అందుకునేసరికి చెయ్యి వణికింది.

"చెయ్యి వణకతాంది ఆచారీ" అన్నాడు నాగప్పన్. "రేపు చేసుకో."

"వణకనీ. నిలిచినప్పుడు ఊదతా."

ఊదుగొట్టం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాగప్పన్ ఒక గాజు పూర్తిచేశాడు. చెయ్యి నిలిచింది. ఊదాడు. ఒక్కో గింజకూ అలాగే ఆగుతూ మధ్యాహ్నం దాకా చేశాడు. అన్నం తిని, పొట్లం విప్పి, అందులోది నాలుక మీద వేసుకున్నాడు.

వారం తర్వాత గుడిలో గోవిందసామి ముందు నిలబడ్డాడు. గోవిందసామి మాల చేతిలోకి తీసుకుని, మాటు వేసిన చోటల్లా బొటనవేలితో తడిమి చూశాడు.

"మందు?" అన్నాడు.

చుట్టూ పదిమంది ఉన్నారు. కేశవ్ కూడా ఆ ఏడు మాల వేసుకోవడానికి వచ్చి వరసలో వెనక ఉన్నాడు.

"ఉంది సామీ" అన్నాడు ఆచారి అందరికీ వినబడేలా. "బియ్యపుగింజంత."

"డాక్టరమ్మ చెప్పినట్టే గదా?"

"చెప్పినట్టే."

"సరి. మెడ వంచు."