ఎడమచేతికి సరిపడే కత్తి

సొన్నప్ప ఇంట్లో కత్తులు కనబడకుండా పోయి పందొమ్మిది నెలలైంది. పోయాయని ఎవరూ అనలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి అతనే గమనించాడు. గ్యాసు పొయ్యి కింద ఉండే కత్తిపీట లేదు. సొరుగులో చాకు లేదు, కత్తెర లేదు, గడ్డం గీసుకునే బ్లేళ్ళ పెట్టె కూడా లేదు. భార్య మునిరత్నమ్మ తెల్లవారుతూనే లేచి ఆ రోజుకు కావలసిన కూరగాయలన్నీ తరిగేసి, కత్తిని పాత తువ్వాల్లో చుట్టి పడగ్గది బీరువాలో పెట్టి తాళం వేసేది. అతను కళ్ళు మూసుకునే ఆ తాళం చప్పుడు వినేవాడు. విన్నట్టు తెలియనిచ్చేవాడు కాదు.

అతను పనిచేసింది బెంగళూరు శివార్లలో, అత్తిబెలెలోని ఒక ఫ్యాక్టరీలో. టూల్ రూములో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా చేశాడు. రేకులను ఒక్క దెబ్బతో కోసే అచ్చులు, డైలు అంటారు వాటిని, తయారు చెయ్యడం, ప్రెస్సులో బిగించడం అతని పని. ఒక మధ్యాహ్నం కొత్త డై బిగించి సరిచూస్తుండగా ప్రెస్సు దిగింది. కుడిచేతి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

ఆసుపత్రిలో నాలుగో రోజు జ్వరంలో ఉండగా కట్టు మార్చడానికి వచ్చిన నర్సుతో ఒక మాటన్నాడు. "వేళ్ళతో ఏంటికి సరిపెట్టిందమ్మా ఆ మిషను, నన్నూ తీసుకోని పొయ్యుంటే పీడా పొయ్యుండు." తలగడ పక్కన మునిరత్నమ్మ ఉంది. కూతురు చైత్ర గుమ్మం దగ్గర ఫోనులో మాట్లాడుతూ ఆగిపోయింది. ఆ ఒక్క మాట చుట్టూ ఇంట్లో గోడలు లేచాయి.

మంచి గోడలే. అతను బిస్కెట్ పొట్లం చేతిలోకి తీసుకుంటే చాలు, "ఇట్లియ్యి" అని మునిరత్నమ్మ పరుగెత్తుకొచ్చేది. కొరియరు పెట్టె వస్తే చైత్ర వచ్చేదాకా అది అట్టే కూర్చునేది. జామకాయ నాలుగు ముక్కలై, ఉప్పూ కారం అద్దుకుని పళ్ళెంలో ఎదురొచ్చేది. ఒంటరిగా వీధి దాటనిచ్చేవాళ్ళు కాదు. "రోడ్డు మీద లారీలు, లిమిట్ లేకుండా పోతాండాయి అప్పా, నాకు ఆఫీసులో టెన్షన్" అనేది చైత్ర. ఎలక్ట్రానిక్ సిటీలో ఆమె ఉద్యోగం. అతని ఫోను ఎక్కడుందో ఆమె ఫోనులో కనబడేట్టు పెట్టుకుంది. క్షౌరానికి పోయినా అరగంటకు మించితే ఫోను మోగేది. ప్రేమతో చేస్తున్నారని తెలిసిన తరవాత కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి చోటు లేకపోయింది.

రెండో అంతస్తు వసారాలో కూర్చుని హోసూరు రోడ్డు మీద లారీలు చూడటం, లేకపోతే ఫోనులో వీడియోలు చూడటం. ఒకరోజు ఎవరో ఒక మడత కత్తిని ఒక్క చేత్తో తెరిచి, ఒక్క చేత్తో మూయడం చూశాడు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. ఆ తరవాత ఆరు నెలలు అదే పని. అలుగుకు, అదే కోసే భాగానికి, ఏ ఉక్కు వాడారు, తెరిచినప్పుడు కదలకుండా పట్టే లాకు ఎట్లాంటిది, పిడి ఏ లోహం, జేబుకు తగిలించుకునే క్లిప్పు ఎటువైపు మార్చుకోవచ్చు, అన్నీ చూసేవాడు. మునిరత్నమ్మ అడుగుల చప్పుడు వినబడితే వార్తలు పెట్టేవాడు. యాభై ఆరేళ్ళ వయసులో పిల్లవాడిలా దాచుకుంటున్నానే అని సిగ్గేసేది.

చవక కత్తి అతనికి వద్దు. చవక కత్తిలో లాకు కొంచెం వదులైనా రెండు చేతులున్నవాడు రెండో చేత్తో సర్దుకుంటాడు. తనకు ఆ రెండో చెయ్యి లేదు. ఎడమచేతి ఐదు వేళ్ళను నమ్మి అప్పజెప్పే వస్తువు కాబట్టి నిజమైన పనితనం ఉన్నదే కావాలి. జయనగరలో అట్లాంటి కత్తులమ్మే దుకాణం ఒకటుందని తెలుసుకున్నాడు.

ఒక బుధవారం మునిరత్నమ్మ రేషను కార్డు పనిమీద పోయింది. ఆమె మెట్లు దిగిన పది నిమిషాలకు అతను చొక్కా వేసుకున్నాడు. బొత్తాలు పెట్టుకునేసరికే చెమట పట్టింది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు మారాలి. రెండో బస్సులో సీటు దొరకలేదు. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుంటే టికెట్టుకు చెయ్యి లేదు, టికెట్టు తీసుకుంటే పట్టుకోవడానికి చెయ్యి లేదు. కండక్టరమ్మ తిట్టుకుంటూనే అతని జేబులో నోటు తానే తీసుకుని టికెట్టు అక్కడే పెట్టింది. దిగాక చొక్కా సర్దుకున్నాడు. అయినా వచ్చేశాను అనుకున్నాడు.

దుకాణం మొదటి అంతస్తులో, చిన్నది. గాజు బల్ల వెనక లలిత్ అనే నలభై ఏళ్ళ మనిషి. మార్వాడీ కుటుంబమైనా పుట్టి పెరిగింది తెలుగువాళ్ళు ఎక్కువుండే చిక్‌పేటలోనే కాబట్టి తెలుగు బాగానే వచ్చు. సొన్నప్ప కుడిచెయ్యి జేబులోనే ఉంచుకుని, "మడత కత్తి చూపించప్పా. రోజూ జేబులో పెట్టుకునేది. మూడంగుళాలకు మించద్దు" అన్నాడు.

లలిత్ నల్లటి గుడ్డ పరిచి ఒకటి పెట్టాడు. పిడి లోపల పలచని రేకు ఒకటి పక్కకు జరిగి అలుగు జారకుండా అడ్డం పడుతుంది. సొన్నప్ప తెరిచి, వెన్ను మీద బొటనవేలుతో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ కదిలించాడు. శబ్దం లేదు.

"బిగువు బాగుండాది. అయితే ఇది కుడిచేతోనిది. ఎడమచేత్తో ఈ రేకు లాగాలంటే వేలు అలుగు దారిలోనే ఉంటాది."

లలిత్ అప్పుడు అతని జేబు వైపు చూశాడు. ఏమీ అడక్కుండా రెండోది తెచ్చాడు. "డీ-టూ స్టీల్ సార్. పదును చాలా రోజులు నిలుస్తుంది."

సొన్నప్ప అలుగును వెలుతురుకు పట్టి చూశాడు. ఆ బూడిదరంగు అతనికి ఇంట్లో మనిషి మొహమంత పరిచయం. ఇరవై ఎనిమిదేళ్ళు కోశాడు, అరగదీశాడు, సానబట్టాడు. ఆరోజు ప్రెస్సులో బిగించిన డై కూడా డీ-టూనే. "మంచి ఉక్కే. నాకు వద్దులేప్పా" అని నెమ్మదిగా గుడ్డ మీద పెట్టేశాడు.

మూడోది, నాలుగోది చూశాడు. ఒకదానికి అలుగు నడిమధ్యన నిలవడం లేదు, మూసినప్పుడు ఒక పక్కకు ఒరుగుతోంది. ఇంకొకటి జేబులో బరువు. ఐదోదానికి పిడి రెండువైపులా చిన్న బొడిపెలున్నాయి, రెండూ లోపలున్న ఒకే అడ్డకమ్మీ చివరలు. వేలూ బొటనవేలూ కలిపి వాటిని వెనక్కి లాగితే అలుగు దానంతట అదే మడతపడింది. వేళ్ళు అంచు దరిదాపుల్లోకి పోలేదు. ఎడమైనా కుడైనా ఒకటే. క్లిప్పు మార్చుకోవచ్చు. తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. పందొమ్మిది నెలల తరవాత అతని చేతిలో ఒక పనిముట్టు చెప్పినట్టు విన్నది.

"చేసినోడెవడో గానీ పని తెలిసినోడప్పా" అన్నాడు. మళ్ళీ మూశాడు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. కత్తి గుడ్డ మీద పెట్టి ఎత్తాడు.

"అప్పా, జయనగరలో ఏం చేస్తాండావ్? అమ్మ ఇంట్లో లేదా? ఎవరితో పోయినావ్?"

"ఒక్కణ్ణే వచ్చినా. ఏమీ కాలేదు. వచ్చేస్తా."

"ఏ షాపులో ఉండావ్? పక్కన ఎవరన్నా ఉంటే ఫోనియ్యి. అప్పా, ప్లీజ్ ఇయ్యి."

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఫోను లలిత్‌కు ఇచ్చాడు. కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. లలిత్ "నైఫ్ షాప్ మేడం" అన్నాడు. తరవాత వింటూ ఉండిపోయాడు. ఒకసారి సొన్నప్ప మొహం చూసి చూపు తిప్పుకున్నాడు. "సరే మేడం. ఇవ్వను మేడం" అని ఫోను బల్ల మీద పెట్టాడు. గుడ్డ మీద కత్తులన్నీ ఏరి, సొన్నప్ప చేతిలోది కూడా మర్యాదగా, వేళ్ళు తగలకుండా అందుకుని, గాజు అరలో పెట్టి తాళం తిప్పాడు.

"కూర్చోండి సార్. మేడం వస్తున్నారు. మజ్జిగ తెప్పిస్తాను."

"నేను పోతానప్పా."

"వద్దు సార్. నా మీద బాధ్యత వేశారు." లలిత్ బల్ల వెనక నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సర్దుతున్నట్టు నటించాడు గాని అతను కాపలా ఉన్నాడని ఇద్దరికీ తెలుసు.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి రావడానికి గంటా పావు పట్టింది. సొన్నప్ప స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా అద్దం వెనక కత్తి. ఇంకో గిరాకీ వచ్చి అదే కత్తి చూపించమంటే లలిత్ తాళం తీసి చూపించాడు. పాతికేళ్ళ మనిషి, రెండు చేతులతో ఆడించి, వద్దని పోయాడు. తాళం మళ్ళీ పడింది. ఇల్లు విడిచి ఇరవై మైళ్ళు వచ్చినా బీరువా తాళం వెంటే వచ్చింది అనుకున్నాడు సొన్నప్ప. మజ్జిగ తాగలేదు.

చైత్ర మెట్లెక్కి వచ్చింది, మెడలో ఆఫీసు ఐడీ కార్డు అట్టే ఉంది. ముందు తండ్రి చేతులు, మెడ, మొహం తడిమి చూసింది. తరవాతే మాట.

"ఏంటికప్పా? ఏంటికిట్లా చేస్తావ్ మాకు?"

"జామకాయ కోసుకుందామని" అన్నాడు సొన్నప్ప. ఆ మాట అతనికే చిన్నగా వినబడింది. "జ్వరంలో ఒక్క మాటన్నా చైత్రా. ఒక్కటి. దానికి పందొమ్మిది నెలలా?"

"ఒక్క మాటేనా?" అంది చైత్ర. ఆమె అతని కళ్ళలోకి చూస్తోంది. "నిజంగా ఒక్క మాటేనా అప్పా?"

ఔను అనడం సులువు. ఆరు నెలలుగా ఆ జవాబు తయారుగా పెట్టుకున్నాడు. కానీ అది నిజం కాదని అతనికి తెలుసు. ఇంటికొచ్చిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం, మునిరత్నమ్మ మేడమీద బట్టలారేస్తుంటే, అతను వంటింట్లోకి పోయి, ఏదన్నా మరిచిపోయి వదిలేసిందేమోనని సొరుగు తెరిచాడు. పండు కోసుకోవడానికి కాదు. సొరుగులో గరిటెలు, ఒక అగ్గిపెట్టె ఉన్నాయి, అంతే. ఆ సొరుగు ముందు ఎంతసేపు నిలబడ్డాడో అతనికే తెలియదు. తరవాత మూసి వచ్చి టీవీ పెట్టుకున్నాడు.

అదే చెప్పాడు. లలిత్ వింటున్నాడని తెలిసీ చెప్పాడు. లలిత్ మెల్లగా తలుపు తీసుకుని బయట మెట్ల మీదికి పోయాడు.

చైత్ర మెడలో కార్డు తీసి బ్యాగులో పెట్టుకుంది. ముక్కు తుడుచుకుంది. "అమ్మకు తెలుసు" అంది. "మేడ దిగి వస్తూ చూసిందంట. నీకు చెప్పద్దని ఒట్టు పెట్టించుకునింది."

సొన్నప్ప తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ ముగ్గురూ ఒకే గదిలో ఆ సొరుగు చుట్టూ తిరుగుతూ, ఒకరికొకరు కనబడకుండా బతికారు.

"ఇప్పుడట్లా లేదు తల్లీ. నాకు మళ్ళీ పని చెయ్యాలనుండాది. ఆ కత్తి తెరిచి చూస్తే, ఒక్క చేత్తో కూడా పని చెయ్యొచ్చనిపించింది."

"నమ్ముతాను. కానీ ఈరోజు కొనలేనప్పా. నా వల్ల కాదు. కోప్పడు, తిట్టు, ఈరోజు మాత్రం కాదు." ఆమె భుజాన బ్యాగు ముందుకు లాక్కుంది. "పోనీ, కొని నా బ్యాగులో పెట్టుకోనా?"

"నీ బ్యాగులో ఉండే కత్తి నాకేంటికి? జేబులో ఉండాలని గదా ఇంత దూరం వచ్చింది."

"అయితే ముందు ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఇప్పుడు నాకు చెప్పింది ఆమెకు చెప్పు. ఆమె సరే అంటే నేనే తీసుకొస్తా."

లలిత్ తిరిగొచ్చి, ఆ కత్తిని డబ్బాలో పెట్టి పక్క అరలో దాచాడు. "ఎవరికీ అమ్మను సార్. మీరు రండి" అన్నాడు. సొన్నప్ప తలాడించాడు. ఖాళీ జేబుతో కూతురి వెంట మెట్లు దిగాడు.

ఆసుపత్రిలో మనసు బాగోలేని వాళ్ళతో మాట్లాడే డాక్టరమ్మ ఉంది, మార్త. సొన్నప్ప వారం వారం పోయాడు. మొదటి మూడు వారాలు కుడిచెయ్యి గురించి తప్ప ఏమీ చెప్పలేదు. నాలుగోవారం సొరుగు సంగతి చెప్పాడు. ఆ రోజు మునిరత్నమ్మను కూడా లోపలికి పిలిచారు. ఆమె కుర్చీ అంచున కూర్చుని, "నేను దిగి రాకుండా ఉంటే ఏమయ్యుండునో అని ఈ పొద్దుకీ మెట్లు లెక్కపెట్టుకుంటాండా" అని ఏడ్చింది. సొన్నప్ప ఆమె పక్కకు కుర్చీ జరుపుకున్నాడు. అంతకంటే అతనికి చేతకాలేదు.

మూడో నెలలో డాక్టరమ్మ, ఇక మీరు ముగ్గురూ తేల్చుకోండి అంది. జయనగరకు ముగ్గురూ పోయారు. మునిరత్నమ్మ కత్తి తీసుకుని, రోజూ కూరలు తరిగే మనిషి చూసే చూపు చూసింది. "ఇంత చిన్నదానికి ఇంత ఖరీదా? గుమ్మడికాయ కూడా కొయ్యలేదే ఇది" అంది. లలిత్ నవ్వాపుకున్నాడు. సొన్నప్ప ఆమెకు బొడిపెలు చూపించి, అలుగు ఎట్లా మడతపడుతుందో రెండుసార్లు చేసి చూపించాడు. రెండోసారి ఆమె కళ్ళు మూసుకోలేదు.

కొనడానికి ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. పడుకోబోయే ముందు కత్తిని టీవీ పైన పెట్టాలి, ఆమె చూడాలి. పొద్దున జేబులో పెట్టుకునేటప్పుడు చెప్పాలి. సొన్నప్పకు మనసులో గుచ్చుకుంది, ఐనా ఒప్పుకున్నాడు. బీరువా తాళం కంటే ఇది నయం. పైగా ఆమె భయం ఎక్కడ పుట్టిందో ఇప్పుడు అతనికి తెలుసు.

ఇప్పుడు ఎదురింటి దర్జీ వెంకటగిరియప్ప దగ్గర కూర్చుంటాడు. అతనికొచ్చే గుడ్డల మూటల తాళ్ళు కోసిపెడతాడు, వీధిలో వాళ్ళ కత్తెర్లకు పదును పెడతాడు. కత్తెర మీద బరువుంచడానికి కుడిచేతి బొటనవేలు పనికొస్తోంది. మధ్యాహ్నం చైత్ర ఫోను చేస్తుంది, ఎక్కడున్నావని అడగదు గాని ఆమె తెరమీద అతను ఇంకా కనబడుతూనే ఉన్నాడు.

మునిరత్నమ్మ ప్రతి రాత్రి పడుకోబోయే ముందు టీవీ పైన కత్తి ఉందా అని చూస్తుంది. పోయినవారం ఒకరోజు చూడకుండానే పడుకుంది. సొన్నప్ప కాసేపు ఆలోచించి, ఆమెను లేపకుండా కత్తిని ఎప్పటిలా టీవీ పైనే పెట్టి దీపం ఆర్పాడు.