సమ్మవ్వ చెయ్యి, మూడు కత్తులు

గోదావరిఖనిలో ఫస్ట్ షిఫ్టువాళ్లు సమ్మవ్వ డబ్బా కొట్టు దగ్గర చాయ్ తాగందే గని దిగరు. సమ్మవ్వకు స్టవ్వు లేదు. గిన్నె అడుగున కుడి అరచెయ్యి పెడుతుంది, పాలు పొంగుతాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడేదల్లా చక్కెర గురించే.

"గింత సప్పగున్నదేంది అవ్వా?"

"నీ పెండ్లాం తియ్యగ మాట్లాడుతదేమో, పోయి ఆడ తాగు!"

ఈ ఏడు ఆమె కుడి రొమ్ములో గడ్డ తేలింది. రొమ్ము తీసెయ్యాలన్నారు దవాఖానలో.

"పోతే పోనీ. పిల్లలు తాగి పెద్దగైరి," అంది సమ్మవ్వ. "చేతిల వేడి పోతే ఎట్ల బిడ్డా? నా బతుకే అది."

సర్జన్ హాసిని దాచలేదు. "మామూలు కత్తి శుభ్రంగా కోస్తుంది, కానీ నెత్తురు పోతుంది. కరెంటు కత్తి కోస్తూనే కాలుస్తుంది, నెత్తురు ఆగుతుంది. కాకపోతే లోపల నీరు చేరొచ్చు. వణుకుతూ కోసే కత్తి ఇంకోటుంది. వేడీ తక్కువే, నెత్తురూ తక్కువే. అది హైదరాబాదులో ఉందమ్మా."

"ఉంటది," అంది నర్సు ఆస్మా. "బొగ్గు మన కాడ, మంచి కత్తి వాళ్ల కాడ!"

హాసిని కరెంటు కత్తికే మొగ్గింది.

ఆపరేషన్ రోజు థియేటర్ తలుపు దగ్గర సమ్మవ్వ భర్త గట్టయ్య నిలబడ్డాడు. గనిలో గ్యాసుంటుంది కాబట్టి, దిగేవాళ్ల జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు గుంజుకోవడమే సర్వీసంతా ఆయన డ్యూటీ. రిటైరైనా చేతులు ఊరుకోవు. మత్తు డాక్టరు ఈ ఊళ్లోనే పుట్టినవాడు. అలవాటుగా చేతులెత్తి, తడిమించుకుని లోపలికి పోయాడు.

"కరెంటు కత్తి ఈడనే పెట్టు డాక్టరమ్మా," అన్నాడు గట్టయ్య, వెనకే వచ్చిన హాసినితో.

"ఇది గని కాదండీ!"

"నిప్పున్న కాడికి నిప్పు తీస్కపోతరా ఎవలన్న?"

స్ట్రెచర్ మీంచి సమ్మవ్వ నవ్వింది. "చెయ్యి పెట్టి చూడు బిడ్డా."

హాసిని గడ్డ మీద వేలు ఆనించి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది. కరెంటు కత్తిని తలుపు దగ్గరే వదిలేసి, రక్తం సీసాలు ఎక్కువే తెప్పించి, మామూలు కత్తితో మొదలుపెట్టింది.

కోసిన చోటల్లా నెత్తురు తొంగిచూసి, అక్కడికక్కడే ఆరిపోయింది. రక్తనాళాలు ఒక్కొక్కటే తమంతట తాము మూసుకున్నాయి. సీసాలు అలాగే వెనక్కి వెళ్లాయి.

మెలకువ రాగానే సమ్మవ్వ కుడి అరచెయ్యి చెంపకు ఆనించుకుంది. చల్లగా ఉంది. గట్టయ్య తల దించుకున్నాడు.

సాయంత్రం ఇచ్చిన చాయ్ గ్లాసు ఆ చేతిలోనే ఉండిపోయింది. "చాయ్ సల్లారింది అవ్వా, వేరేది తెస్త," అంది ఆస్మా.

"ఉండు." సమ్మవ్వ గ్లాసును ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఆవిరి లేచింది.

గట్టయ్య మొహం విచ్చుకుంది, అంతలోనే ముడుచుకుంది. "ఎడమ చేత్తోటి ఇస్తే ఎవలు తాగుతరే?"

"కాసేది ఎడమ, ఇచ్చేది కుడి. గింత దానికి ఫికరెందుకయ్యా!"

గాయం మానాక ఫస్ట్ షిఫ్టుకు కొట్టు తెరిచింది. కుడి చెయ్యి మెల్లగా పైకి చాపి, మీది అరలోని చక్కెర డబ్బా అందుకుంది. కోసిన వైపు చెయ్యి ఆ బరువు ఆపుతుందో లేదోనని అందరూ చూశారు. డబ్బా కిందికి దిగింది.

"గిప్పుడన్న ఇంకో చెంచా ఎయ్యి అవ్వా!"

వేసింది.